చివరి పాస్‌కు ముందు

ఆటలూ అంకెలూ అంశంగా తెచ్చిన ఈ సంచికను ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ అభిమానుల వాదనతో మొదలుపెడుతున్నాం. జట్టును నడిపేది ఏడో నంబరు హాఫ్‌బ్యాకా, తొమ్మిదో నంబరు హుకరా? హాఫ్‌బ్యాక్ పక్షం ట్రై అసిస్టుల లెక్క, అంటే స్కోరు తెచ్చే ట్రైకి నేరుగా దారితీసిన అందింపుల లెక్క, చూపిస్తుంది. ఆ లెక్కకు అందేది చివరి పాస్ లేదా కిక్ మాత్రమే. టాకిల్ అయిన ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టగానే, వంగి అందుకునేది సాధారణంగా హుకరే. పది మీటర్లు వెనక్కి తగ్గాల్సిన ఎదుటి వరుస సర్దుకోకముందే అతను బంతి వదిలితే, హాఫ్‌బ్యాక్‌కు ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి హుకర్ ఖాతాలో అసిస్టుగా జమకాదు. మరోవైపు, హుకర్ల టాకిళ్లు ఎక్కువని మురిసిపోవడమూ తొందరపాటే. మైదానం నడుమ కాపు కాసేవాడి మీదికే ఎక్కువమంది దూసుకొస్తారు.

అయితే అంకెలు మాని కళ్లను నమ్మాలా అంటే, అదీ కాదు. 2023 ఆస్ట్రేలియా లీగ్ ఫైనల్లో 8–24తో వెనకబడిన పెన్రిత్ జట్టు 26–24తో గెలిచింది. గెలిపించిన ట్రై హాఫ్‌బ్యాక్ నేథన్ క్లియరీది. అలాంటి ఘట్టాలే జ్ఞాపకంలో మిగిలి, సీజన్ పొడుగునా సాగిన మామూలు శ్రమ మరుగున పడుతుంది. దాన్ని గుర్తుంచుకునేది అంకెలే. పైగా 430 మ్యాచ్‌లాడిన మెల్‌బోర్న్ హుకర్ కామెరాన్ స్మిత్ పక్కన ఏళ్లపాటు హాఫ్‌బ్యాక్ కూపర్ క్రాంక్ ఉన్నాడు. ఆ ఇద్దరి ఘనతను విడదీసి పంచడం నా దృష్టిలో అన్యాయం. ఈ సంచికలోని ప్రతి పట్టికనూ, అది దేన్ని లెక్కించలేదో అడుగుతూ చదవమని మనవి.