చెయ్యి మంచిదే... మరి కూలి మాటేమిటి?

"మీ చెయ్యి మంచిదండీ వదినగారూ, ఏది పాతినా బతుకుతుంది" అని ఇరుగుపొరుగు వాళ్ళు మీతో అంటూంటారా? మందారం కొమ్మ కోసం, కనకాంబరం నారు కోసం నలుగురూ మీ గేటు తడుతూంటారా? అయితే ఈ వారం ఈ నాలుగు మాటలూ మీకోసమే.

ఇంటి పట్టునే ఉంటూ నాలుగు రాళ్ళు సంపాదించుకునే దారి చెప్పమంటే చాలామందికి పచ్చళ్ళు, చీరలకి ఫాల్స్ కుట్టడం, ట్యూషన్లు తప్ప ఇంకోటి తోచదు. ఇవాళ ఇంకో పని చెబుతాను. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళకీ, ఫ్లాట్లో బాల్కనీ ఉన్నవాళ్ళకీ తోట ఎక్కడ, ఎలా వేసుకోవాలో కాగితం మీద గీసిచ్చి, దగ్గరుండి వేయించే పని. గార్డెన్ డిజైనింగ్ అనీ, ల్యాండ్‌స్కేపింగ్ అనీ అంటారు దీన్ని. పేరు పెద్దదే కానీ, మొదలుపెట్టడానికి కావలసింది ఒక కొలత టేపు, ఒక గళ్ళ నోటుపుస్తకం, కొమ్మలు కత్తిరించే మంచి కత్తెర. సొంత భూమి అక్కర్లేదు, నర్సరీ పెట్టక్కర్లేదు.

ముందు నేను మునిగిన కథ చెప్పనివ్వండి. ఈ పనిలో మనం నష్టపోయేది మొక్కలు చచ్చిపోయినందువల్ల కంటే, నోరు తెరిచి డబ్బు అడగలేకపోయినందువల్లే ఎక్కువ.

2011 ఏప్రిల్‌లో మావారి ఆఫీసులో పెద్దాయన ఒకరు రాజమండ్రిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశారు. మా ఇంటి మొక్కలు చూసి ఉన్నారేమో, "అమ్మా, మా ఇంటి ముందు కూడా ఇలాగే నాలుగు మొక్కలు వేయించి పెట్టు" అన్నారు. ఎంతవుతుందని అడిగితే, "మీ దగ్గర డబ్బు మాటేమిటండీ, అయ్యాక చూసుకుందాం" అనేశాను. పెద్దరికం నిలబెట్టుకున్నాననుకున్నాను!

కడియపులంక మాకు దగ్గరే. హైవే పక్కన ఎటు చూసినా నర్సరీలే. వెళ్ళి, కంటికి నచ్చిందల్లా కొని ట్రక్కు ఆటోలో వేయించాను. మామిడిచెట్టు కింద మెక్సికన్ గడ్డి పరిపించాను. ప్రహరీ పొడవునా నూరువరహాలు, గుమ్మానికి అటూ ఇటూ క్రోటన్లు. వారం రోజులు ఎండలో నిలబడి పని చేయించాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండానే గడ్డి పసుపు పచ్చగా మారింది. మే నెలలో వాళ్ళు సెలవులకి ఊరెళ్ళారు. నీళ్ళు పెట్టే దిక్కు లేక నూరువరహాలు సగం మాడిపోయాయి. తవ్వి చూద్దును కదా, అరడుగు మట్టి కింద అంతా ఇటుక ముక్కలూ, సిమెంటు పెళ్ళలూ! ఇల్లు కట్టగా మిగిలిన చెత్తంతా అక్కడే పూడ్చేశారన్నమాట.

వాళ్ళు మర్యాదస్తులే. ఊరినించి వచ్చాక నన్ను పిలిచి, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కతోపాటు ఒక కవరు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి విప్పితే 10,000 రూపాయలు. నా చేతినించి అయిన ఖర్చు 14,300. ఏమని అడగను? అడిగే హక్కు మొదటిరోజే వదులుకున్నాను కదా!

ఆ రాత్రి మావారు నా లెక్కల పుస్తకం తిరగేశారు. కోప్పడలేదు. "మట్టి రాశావు, మొక్కలు రాశావు, కూలీల టీ ఖర్చు కూడా రాశావు. నీ కూలి ఎక్కడ రాశావు?" అని అడిగారంతే. నా దగ్గర జవాబు లేదు. నాకూ ఒక కూలి ఉంటుందన్న సంగతే నాకు తోచలేదు!

ఆ ఒక్క ప్రశ్నే నాకీ పని నేర్పింది. అప్పటినించి నేను పాటిస్తున్న పద్ధతి వరసగా చెబుతాను, రాసుకోండి.

ముందు చూపు, తరవాతే మొక్క

ఎవరైనా పిలవగానే నర్సరీకి పరిగెత్తకండి. ఆ జాగాని పొద్దున్న, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి, మూడుసార్లు చూడండి. ఎండ ఎక్కడ పడుతోంది, నీడ ఎక్కడ నిలుస్తోంది గుర్తు పెట్టుకోండి. టేపుతో కొలిచి, గళ్ళ కాగితం మీద ఒక గడి ఒక అడుగు లెక్కన గీయండి. గేటు, మెట్లు, కుళాయి, సెప్టిక్ ట్యాంకు, పైన కరెంటు తీగలు అన్నీ వేయండి.

ఆ తరవాత ఇంటావిడతో కూర్చుని మాట్లాడండి. తులసికోట ఎటు కావాలి? ముగ్గుకి ఎంత జాగా వదలాలి? వడియాలు ఎక్కడ ఎండబెడతారు? బట్టల దండెం ఎక్కడ? స్కూటరు ఎటునించి తిరుగుతుంది? పసిపిల్లలున్నారా? కాలు జారే వయసు పెద్దవాళ్ళున్నారా? ఈ ప్రశ్నలు చదువుకున్న డిజైనరైనా మర్చిపోవచ్చు గానీ మీరు మర్చిపోరు. రోజూ అలాంటి గడపలోనే తిరిగే మనిషి మీరు. ఈ పనిలో మీ పెట్టుబడి అదే.

ఆఖరి ప్రశ్న ముఖ్యమైనది. రోజూ నీళ్ళు పోసేది ఎవరు? "ఎవరో ఒకరు పోస్తారు లెండి" అన్నారంటే ఎవరూ పొయ్యరని అర్థం. అలాంటి ఇంటికి కాగితం పూలు, దేవగన్నేరు, కలబంద లాంటి మొండి మొక్కలే రాయండి.

మట్టి గుట్టు

నాలుగు చోట్ల గునపంతో అడుగున్నర లోతు తవ్వించి చూడండి. రాళ్ళూ, సిమెంటూ తగిలితే అదంతా తీసి, కొత్త మట్టి పోయించాల్సిందే. ఆ గోతిలో నిండా నీళ్ళు పోసి, మర్నాడు పొద్దున్న చూడండి. నీళ్ళు ఇంకా నిలిచి ఉంటే అక్కడ వేళ్ళు కుళ్ళుతాయి. ముందు నీరు పోయే దారి చూడాలి. మామూలు పూలమొక్కల గోతికి ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపితే సరిపోతుంది. గుప్పెడు వేపపిండి కూడా వెయ్యండి. పచ్చి ఎరువు మాత్రం వెయ్యకండి, వేడికి వేళ్ళు మాడతాయి.

మేడమీద తోట అడిగితే బరువు సంగతి మర్చిపోవద్దు. తడిసిన మట్టి ఘనపుటడుగు సుమారు 50 కిలోలు తూగుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు జాగాలో అరడుగు మందాన మట్టి పోస్తే దాదాపు రెండున్నర టన్నులు! ఇల్లు కట్టిన ఇంజనీరుని అడగందే ఒప్పుకోకండి. కొబ్బరిపొట్టు ఎక్కువ కలిపి, కుండీలు గోడల వెంబడి, దూలాల మీదుగా పెట్టిస్తే స్లాబు మీద భారం తగ్గుతుంది.

ఏ చోటికి ఏ మొక్క

బాగా ఎండ పడేచోట మందారం, నూరువరహాలు, కాగితం పూలు, దేవగన్నేరు. కాస్త నీడ పడేచోట నందివర్ధనం. ఎండ తగలని సందుల్లో, బాల్కనీల్లో స్నేక్ ప్లాంటు, సింగోనియం, మనీప్లాంటు, ఫెర్నులు. లాన్‌కి రోజుకి ఐదారు గంటల ఎండైనా ఉండాలి. చెట్టుకింద మెక్సికన్ గడ్డి పరిచి నేను చేతులు కాల్చుకున్నాను, మీరు కాల్చుకోకండి.

పిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు వద్దు, గింజలు ప్రాణం మీదికి తెస్తాయి. డైఫెన్‌బేకియా ఆకు నోట్లో పెట్టుకుంటే నాలుక వాచిపోతుంది. రావి, మర్రి జాతి చెట్లు ప్రహరీ పక్కన నాటితే పదేళ్ళకి గోడ పగులుతుంది, పేరు మీకొస్తుంది.

నర్సరీలో మొక్క పూలు చూసి కొనకండి. కవరు అడుగునించి వేళ్ళు బయటికొచ్చి చుట్టుకుపోయి ఉంటే ముదిరిన మొక్క. ఆకు వెనక తిప్పి పిండినల్లి ఉందేమో చూడండి. తెచ్చిన మొక్కల్ని ఆ ఇంట్లోనే రెండు మూడు రోజులు నీడలో ఉంచి, సాయంత్రం పూట నాటించండి. పెద్ద పనులు తొలకరి పడ్డాక పెట్టుకోవడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో పిలిస్తే మట్టి పని చేయించి, మొక్కలు వానలొచ్చాక అని చెప్పండి. మొహమాటానికి ఒప్పుకున్నారో, నా కథే మీ కథ.

మీ కూలి ముందు రాయండి

ఇక అసలు సంగతి. ఏ పనికైనా అంచనా కాగితం రాసివ్వండి. అందులో నాలుగు పద్దులుండాలి. మట్టీ ఎరువూ ఒకటి, మొక్కలు కుండీలు రెండు, కూలీలు బండి ఖర్చు మూడు, మీ రుసుము నాలుగు. మీ రుసుము ఎలా లెక్కకట్టాలి? రోజులు లెక్కపెట్టండి. చిన్న ముంగిలైతే చూడ్డానికి ఒక పూట, గీయడానికి ఒక రోజు, నర్సరీకి ఒక రోజు, నాటించడానికి రెండు రోజులు, ఆ నెలలో వెళ్ళి చూసుకోవడానికి నాలుగు పూటలు. మొత్తం ఆరున్నర రోజులు. మీ ఊళ్ళో తాపీమేస్త్రీ రోజుకి ఎంత తీసుకుంటున్నాడో కనుక్కోండి. అంతకంటే తక్కువ వేసుకోకండి. ఆయనది చేతి పని, మీది చేతి పనీ, బుర్ర పనీ రెండూను.

నర్సరీలో టోకున తీసుకుంటే ధర తగ్గుతుంది. ఆ తేడా మీరు దాచుకోవద్దు, బిల్లు ఉన్నదున్నట్టు చూపించండి. మీ సంపాదన మీ రుసుములోనే ఉండాలి. అలా ఉంటే ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేరు, పది ఇళ్ళకి మీ పేరు చెబుతారు.

పని మొదలుపెట్టే ముందు సగం తీసుకోండి. చచ్చిన మొక్క నెలలోపైతే మార్చి ఇస్తాననీ, నీళ్ళు పొయ్యకపోతే మాత్రం ఆ పూచీ ఉండదనీ కాగితంలోనే రాయండి. తవ్వి చూశాక రాళ్ళు బయటపడితే అదనపు ఖర్చవుతుందని కూడా రాయండి. నెలకి రెండుసార్లు వెళ్ళి కత్తిరింపులు, ఎరువులు చూసిపెట్టే ఒప్పందం కుదిరితే ఇంకా మంచిది. కొత్త పని లేని నెలలో ఇల్లు నడిపేది అదే.

చుట్టాల దగ్గర డబ్బెలా అడగడం అంటారా? నేనూ చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఒకటే మాట చెబుతాను. "పిలక కావాలంటే ఊరికే తీసుకెళ్ళు తల్లీ. తోట వేయించాలంటే ఇదిగో అంచనా." అన్నమాట నవ్వుతూనే అంటాను, కాగితం మాత్రం చేతిలో పెడతాను.

కాగితాలు, అప్పులు

నాలుగైదు పనులు చేశాక ఉద్యం నమోదు చేయించుకోండి. ఇది 2020 నించి ఉంది, పైసా ఖర్చు లేదు. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. పనిముట్లకి అప్పు కావాలంటే 2015లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, మీ ఖాతా ఉన్న బ్యాంకులో అడగండి. కానీ మొదటి రెండు పనులూ అప్పు లేకుండానే చెయ్యండి. పార, గునపం, తట్ట కూలీలే తెచ్చుకుంటారు. మీరు చేసిన ప్రతి తోటకీ ముందూ, తరవాతా ఫోటో తీసి పెట్టుకోండి. అదే మీ ప్రకటన.

అన్నట్టు, ఆ పెద్దాయన ఇంటి కథ అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడు వాళ్ళావిడే మళ్ళీ పిలిచారు. ఈసారి గునపంతో మొదలుపెట్టి, అంచనా కాగితం చేతిలో పెట్టాను. ఆవిడ నాలుగో పద్దు దగ్గర ఆగి నా మొహంలోకి చూశారు. నా గుండె దడదడలాడింది. "ఇది పోయినసారే రాయాల్సింది కదమ్మా" అన్నారావిడ.

మరి మీరేం చేస్తారు? ఈ ఆదివారం టేపు తీసి, మీ ముంగిలే కొలిచి, గళ్ళ కాగితం మీద గీయండి. పక్కనే నాలుగు పద్దులూ వేయండి. నాలుగోది ఖాళీగా వదలకండేం!