మ్రొక్కుబడి దూడ

సింహాచలము మా గోపాలపట్నమునకు పొరుగు. ఆషాఢ పూర్ణిమనాడు గిరిప్రదక్షిణము చేయు భక్తులు మా యూరిమీదుగానే నడచిపోవుదురు. అప్పన్నస్వామియెడ మాకును భక్తి గలదు. కావున మేము భక్తికి శత్రువులమని చదువరులు తలపకుందురు గాక. ఆ స్వామి పేర నొక మూగజీవికి జరుగుచున్న యన్యాయమును గూర్చియే మేమిచట మాటలాడ బూనితిమి.

కోరిక ఫలించినచో స్వామికి కోడెదూడను సమర్పింతుమని మ్రొక్కుకొనుట మన ప్రాంతమున చిరకాలపు ఆచారము. పూర్వమిది నిజముగ త్యాగమే. కోడెదూడ యనగా రేపటి యెద్దు. అరకకు నదియే, బండికి నదియే. దానిని దేవునికిచ్చిన రైతు తన బలములో భాగమునిచ్చినవాడు. నేడో, నాగలి స్థానమును ట్రాక్టరు ఆక్రమించినది. పాడికొరకు జెర్సీ, హోల్‌స్టీను సంకరజాతులను బెంచుచున్నాము. వానికి బుట్టిన కోడె యెండకు తాళదు, కాడికి చాలదు. ఇంటనున్నచో పాలు త్రాగును; అది త్రాగిన పాలు అమ్మకమునకు రావు. అట్టి దూడను కొండకు దోలి మ్రొక్కు దీరినదనుట త్యాగమా, వదిలించుకొనుటయా? గాలికి బోవు పేలపిండి కృష్ణార్పణమన్న సామెత యిట్టివారిని జూచియే పుట్టియుండును.

దూడ సంగతి విచారింతము. తల్లి గర్భమున నుండగా దానికి రోగములనెదిరించు శక్తి సంక్రమింపదు. ఈనిన కొలది గంటలలో త్రాగు జున్నుపాలే దానికి తొలి కవచము. మొదటి వారములలో దాని కడుపు గడ్డిని జీర్ణించుకొనలేదు. పాలే దాని యాహారము. అట్టి పసికందును తల్లినుండి విడదీసి, ఆటోలో కుక్కి, ముక్కుమొగమెరుగని దూడల గుంపులో విడిచినచో ఆకలియు, పారుడురోగమును దానిని బ్రతుకనిచ్చునా? గోశాలలో దూడలు మరణించిన వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. అప్పుడెల్ల మనము గోశాలను నిందించి యూరకుంటిమి. పాలు మరువని దూడను పంపిన చేయి యెవరిది? ఎంత మంచి గోశాలయైనను వందల దూడలకు తల్లి కానేరదు.

ఈ పాపము దూడతో ముగియదు. దూడ దూరమైన యావు సరిగ చేపదు. పూర్వము దూడ తోలులో గడ్డి కూరి తల్లి యెదుట నిలిపెడివారు. నేడు ఆక్సిటోసిన్ సూది పొడుచువారున్నారు. ఇక మన బిడ్డల మాట. నిన్నటివరకు తాము గంగడోలు నిమిరిన దూడ యేదని వారడిగినచో “దేవునికిచ్చితిమి” అని చెప్పుదుము. అది యాకలితో చచ్చినదని తెలిసిననాడు వారు నేర్చుకొను పాఠమేమి? దయకంటె ఆచారము పెద్దదనియే గదా!

కట్టివేయబడిన జీవికి మనము తప్ప దిక్కులేదని మా యూరివారికి వేరుగ జెప్పనక్కరలేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణించిరి. పరుగెత్తగలిగినవారు పరుగెత్తిరి. పశువులు పెక్కు పడినచోటనే ప్రాణములు విడిచినవి. పలుపు విప్పుకొను చేతులు వానికి లేవు. ప్రాణభయమున పరుగిడిన యజమానులను తప్పుపట్టువారెవరును లేరు. కాని తీరికగ ముహూర్తము చూచి, పసుపుకుంకుమలు పెట్టి, దూడను మృత్యుముఖమునకు బంపుటకు మన సమాధానమేమి?

“తాతలనాటి యాచారమును మాన్పుటకు మీరెవరు?” అని కొందరు కోపింతురు. మేము మాన్పుమనుట లేదు, మార్చుడనుచున్నాము. ఆకలిదప్పులకు లోనగునట్లు పశువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము. దూడ పాలు మరచువరకు తల్లికడనే యుంచుడు. పిమ్మట దాని మేతకగు సొమ్ముతో గూడ సమర్పింపుడు. లేదా దూడకు మారుగ గోశాలకు పచ్చగడ్డియో తవుడో యిండు. నూటికి దాదాపు 90 పెయ్యదూడలే పుట్టునట్లు లింగము నేర్పరచిన వీర్యము నేడు లభించుచున్నది. అక్కరలేని కోడెను పుట్టింపకుండుటయు పుణ్యమే.

గృహిణులారా! మ్రొక్కు మ్రొక్కునది తరచుగ మీరే, దూడకు కుడితి పెట్టునదియు మీరే. సింహగిరిపై వెలసిన స్వామి వరాహరూపమును, నరసింహరూపమును ధరించిన దేవుడు. మృగరూపమును దాల్చుటకు సంకోచింపని స్వామి, ఆకలిచే నరచు దూడను కానుకగ మెచ్చునా? మ్రొక్కుకొనుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనుడు.