స-గ-ప పక్కన ఒక్క 'ద'

అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక మా ఇంట్లో కీబోర్డు బీరువా మీదికెక్కింది. పాత చీర కప్పుకుని రెండేళ్లు అక్కడే ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, చూడండి! పెళ్లికి ముందు నేను వర్ణాలదాకా సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు పై షడ్జం అందుకోబోతే గొంతు జీరపోతోంది. ఆ బెంగతోనే ఒక మధ్యాహ్నం కీబోర్డు కిందికి దించాను. నేర్పమని అడిగితే ఒక మాస్టారు, "ఈ వయసులో మీకెందుకండీ" అన్నారు. సరే, ఆయన సంగతి వదిలేద్దాం.

మన సంగీతంలో స్వరం వెంట స్వరం నడుస్తుంది. పియానోలో మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలికిస్తారు, దాన్నే కార్డ్ అంటారు. శంకరాభరణంలోని స, గ, ప కలిపి నొక్కితే మేజర్ కార్డ్. దానికి 'ద' కూడా చేర్చారా, సిక్స్త్ కార్డ్! స నుంచి లెక్కపెడితే ద ఆరోది కదా, అందుకే ఆ పేరు. ఈ నాలుగూ మోహనంలోనూ ఉన్న స్వరాలే. అందుకేనేమో, వినగానే నాకు పరాయిగా అనిపించలేదు.

ఇక చేతులు తుడుచుకుని కూర్చోండి. రెండు నల్లమెట్ల జంట ఉంటుంది చూశారా, దానికి ఆనుకుని ఎడమవైపున్న తెల్లమెట్టు 'సి', అంటే ఒకటో శ్రుతి. కుడిచేతి బొటనవేలు అక్కడ పెట్టండి. నలుపూ తెలుపూ అన్నీ లెక్కేస్తూ నాలుగు మెట్లు ముందుకెళ్తే 'ఇ', అక్కడ చూపుడువేలు. ఇంకో మూడు వెళ్తే 'జి', ఉంగరపువేలు. మరో రెండు వెళ్తే 'ఎ', చిటికెనవేలు. నాలుగు, మూడు, రెండు. ఈ లెక్క గుర్తుంటే ఏ మెట్టు మీద మొదలుపెట్టినా సిక్స్త్ కార్డ్ వచ్చేస్తుంది.

అసలు తంటా చివరి రెండు వేళ్లతోనే. ఉంగరపువేలు బలంగా నొక్కుతుంది, చిటికెనవేలు వెనకబడుతుంది. నాకు వారం పట్టింది. మణికట్టు బిగబట్టకండి, నొప్పి పుడుతుంది. ముందు ఒక్కో స్వరం విడిగా, తర్వాత నాలుగూ కలిపి నొక్కండి.

మన ఆడవాళ్లలో చాలామంది పాడేది ఐదు, ఐదున్నర శ్రుతుల్లో. ఐదు అంటే 'జి'. అక్కణ్ణుంచి లెక్కేస్తే జి, బి, డి, ఇ... అన్నీ తెల్లమెట్లే! 1963లో బీటిల్స్ బృందం 'షి లవ్స్ యూ' పాటని ముగించింది ఈ కార్డ్ మీదే. అది పాతకాలపు పద్ధతిలా ఉందని నిర్మాత జార్జ్ మార్టిన్ అభ్యంతరం చెప్పినా, కుర్రాళ్లు మార్చలేదు. మంచిపనే చేశారు.

ఇంకో తమాషా చూడండి. కుడిచేతిలో సి, ఇ, జి, ఎ అలాగే ఉంచి, ఎడమచేత్తో కింద 'సి' నొక్కండి. పాట ఇల్లు చేరినట్టుంటుంది. ఇప్పుడు ఎడమచేతిని 'ఎ' మీదికి మార్చండి. కుడిచెయ్యి కదలనేలేదు, కానీ దిగులు కమ్ముకుంటుంది. పేరు కూడా మారి 'ఎ మైనర్ సెవెన్త్' అవుతుంది. మా అమ్మాయికి ఫోన్‌లో రెండూ వినిపిస్తే, "రెండోది మళ్లీ వాయించమ్మా" అంది.


అది కుదిరాక, చూపుడువేలు ఒక్కటీ 'ఇ' నుంచి ఎడమపక్క నల్లమెట్టు మీదికి జరపండి. అది మైనర్ సిక్స్త్. ఆ నాలుగు స్వరాలూ ఖరహరప్రియలో దొరుకుతాయి.