ఆరోగ్య విషయములు: ఊపిరికి తోడు

గోదావరి పొంగినప్పుడు పోలవరము చుట్టుపట్ల పల్లెలలో పాములు మెఱకలకును ఇండ్లలోనికిని చేరుట మీరెఱిగినదే. వానిలో కట్లపాము మిక్కిలి మోసకారి. రాత్రి నేలపై నిదురించువారిని కఱచును; నొప్పి యంతగా నుండదు, గాటు కనబడకపోవచ్చును. తెల్లవాఱుసరికి కడుపునొప్పి, ఱెప్పలు వ్రాలుట, మ్రింగుడు పడకుండుట. పిదప ఊపిరి యాగుట. విషము నరముల కొనలను చెఱచును గనుక విఱుగుడు సూది వేసినను కండరములకు వెంటనే బలము రాదు. కొన్ని దినములు పట్టును. అంతవఱకు ఊపిరి నిలుపగలిగినచో మనిషి దక్కును.

కావున మంత్రములకై త్రిప్పక రోగిని వెంటనే పెద్దయాసుపత్రికి చేర్పవలెను. అచ్చట గొంతులో గొట్టము వేసి శ్వాసయంత్రమునకు తగిలింతురు. “యంత్రము పెట్టిరి, ఇంక ఆశ లేదు” అని రోగిని ఇంటికి తీసికొనిపోవువారు గలరు. కట్లపాటి కాటులో ఇంతకన్న పొరపాటు లేదు.

1952లో కోపెన్‌హేగన్ నగరమున పోలియో ప్రబలినపుడు, ఇబ్సెన్ అను వైద్యుని యుపాయముచే, సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారిగా రబ్బరు సంచులను చేతితో నొక్కి రోగులకు ఊపిరి పోసిరి. చేయి యైనచో రోగి తానుగా పీల్చుటను పసిగట్టి దానితో కలిసి నొక్కగలదు. తొలినాటి యంత్రములకు ఆ నేర్పు తక్కువ. వాని లెక్క వానిదే. ఒక్క రోటిలో ఇద్దఱు దంచునపుడు రెండవయామె పోటు చూడనిచో రోకలికి రోకలి తగులును గదా!

ఇప్పటి యంత్రములు పోటు చూచి దంచునవి. రోగి కొంచెము గాలి లాగినంతనే గుర్తించి తోడు త్రోయును. ప్రతి ఊపిరిని కొలిచి, రోగి బలము పెరిగినకొలది సాయము తగ్గించుకొను పద్ధతులును గలవు. 1999లో సిండర్బీయు నతని సహచరులును ప్రకటించిన పద్ధతిలో, అన్ననాళమున దింపిన సన్నని గొట్టము ఊపిరికండరములోని విద్యుత్తును పట్టి యంత్రమునకు తెలుపును.

అయితే కండరము పూర్తిగా చచ్చుపడిన తొలిదినములలో చూచుటకు పోటే యుండదు. యంత్రమే యంతయు దంచవలెను. మఱొక చిక్కు గలదు. ఆయాసముచే రోగి గట్టిగా పీల్చినను, బలము వచ్చినదని భ్రమించి సాయము తగ్గించు పద్ధతులు కొన్ని యున్నవి. అందుకే నర్సు చూపు తప్పరాదు.

మంచముకడ నుండు మీరు, గంట మ్రోగినపుడు గొట్టములు ముట్టక నర్సును పిలువుడు. ఱెప్పలెత్తలేని రోగి యంతయు వినుచుండవచ్చును. అతని యెదుట శోకములు పెట్టక పేరు పెట్టి పలుకరింపుడు. గొట్టమున్నంతవఱకు మాట రాదు గనుక, వ్రేలు కదలిననాడు వ్రేలితోనే ఔననుట, కాదనుట నేర్పుడు.