ఆఖరి బంతి

ఆఖరి బంతి అనగానే మగవాళ్ళకు క్రికెట్ గుర్తొస్తుంది. ఒక్క బంతి మిగిలివుంది, నాలుగు పరుగులు కావాలని వూపిరి బిగబట్టి కూచుంటారు. నేను చెప్పేది ఆ బంతి సంగతి కాదు. పెళ్ళిళ్ళలో, వ్రతాల్లో విస్తళ్ళు వేసి కూచోబెడతారే, ఆ బంతి. మొదటి బంతి మగపెళ్ళివారిది. రెండోది పెద్దలదీ, పిల్లలదీ. వండినవాళ్ళూ, వడ్డించినవాళ్ళూ కూచునేది ఆఖరి బంతిలో. అప్పటికి పప్పు అడుగంటి వుంటుంది, అప్పడాలు మెత్తబడి వుంటాయి, పెరుగు పల్చబడి వుంటుంది. "ఇంకేం కావాలమ్మా?" అని అడిగేవాళ్ళు వుండరు. అడగవలసినవాళ్ళే కూచుని తింటున్నారు గదా!

పెళ్ళిళ్ళలో బఫేలు వచ్చాక ఈ బంతులు పోయాయని అనుకుంటున్నాం. ఎక్కడికీ పోలేదు, మన ఇళ్ళల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. మనం తిండి ఆఖరి బంతిలో తింటున్నాం, పుస్తకం ఆఖరి బంతిలో చదువుతున్నాం, సినిమా ఆఖరి బంతిలో చూస్తున్నాం. అది చాలదన్నట్టు, మొదటి బంతిలో భోంచేసి చెయ్యి కడుక్కున్నవాళ్ళు మనకు సలహాలు చెబుతున్నారు: ఏం తినాలో, ఏం చదవాలో, ఏం చూడకూడదో. నా పోట్లాట ఈ సలహాలతోనే.

ముందు తిండి సంగతి చూద్దాం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. అప్పట్నించీ కొర్రలు, సామలు, అరికెలు అంటూ ఇల్లిల్లూ మోగిపోతోంది. మంచిదే. మా నాయనమ్మల కాలంలో జొన్న గటకా, అంబలీ పేదవాడి తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వరన్నం తినడం గౌరవమైపోయింది. ఇప్పుడా గటకే వరంగల్లులోనూ, హన్మకొండలోనూ నలుగురు చేరిన చోటల్లా పెద్దపీట వేసుక్కూచుంది. గటకకు మంచిరోజులు వస్తే నాకెందుకు కోపం?

కోపం ఎక్కడొస్తుందంటే, ఈ ఆరోగ్యం ఎవరి చేతులమీదుగా జరుగుతోందో ఎవరూ చెప్పరు. కొర్రలు పొయ్యిమీద పెట్టేముందు గంటలకొద్దీ నానాలి. రాత్రి పడుకోబోయేముందు గుర్తుంచుకుని నానబెట్టేది ఎవరు? జొన్నపిండికి గోధుమపిండిలాగా సాగే గుణం లేదు, అందులో గ్లూటెన్ వుండదు. చపాతీలా కర్రపెట్టి వత్తేద్దామంటే అంచులు పగిలిపోతాయి. మరిగే నీళ్ళు పోసి, చెయ్యి కాలుతున్నా కలిపి, ఒక్కొక్కటీ అరచేత్తో కొట్టాలి. ఆయనకు షుగరని కొర్రన్నం, అత్తమ్మకు అరగదని మెత్తని వరన్నం, పిల్లలకు నూడుల్సు. ఒక పొయ్యి, మూడు పత్యాలు. చివరికి ఆ ఇల్లాలు తినేది మూడింట్లోనూ మిగిలింది. దానికి ఏ శాస్త్రంలోనూ పేరు లేదు.

ఇదంతా నా కడుపుమంట అనుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ప్రభుత్వంవారిదే ఒకటుంది. 2019-21లో చేసిన సర్వే ప్రకారం దేశంలో 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. అదే వయసు మగవాళ్ళలో నూటికి 25 మందికి. మన తెలంగాణలో ఆడవాళ్ళ లెక్క 57.6. కారణాలు ఒకటి కాదు, పది వున్నాయని డాక్టర్లు చెబుతారు. కాదనను. కానీ మంచి తిండి ముందుగా ఎవరి కంచంలో పడాలో ఈ అంకెలే చెబుతున్నాయి గదా! ఆరోగ్యంగా తినమని ఇల్లాలికి వుపన్యాసమిచ్చే పెద్దమనిషి, ఆవిడ ఎప్పుడు తింటుందో ఒక్కసారి గడియారం చూసి చెబితే బాగుండును.

గడియారం అన్నాను గనక ఆ లెక్క కూడా చెబుతాను. ప్రజలు రోజంతా ఏం పని చేస్తారో కేంద్రప్రభుత్వం సర్వే చేయించింది. 2019లో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు జీతంలేని ఆ చాకిరీకి రోజుకు 299 నిమిషాలు పెట్టారు. ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. అసలు ముట్టుకోనివాళ్ళు ఈ లెక్కలోకే రారు. మళ్ళీ 2024లో చూస్తే మనది 289కి దిగింది. పది నిమిషాలు కలిసొచ్చాయి! ఆ పది నిమిషాలూ మగవాళ్ళు అందుకున్నారేమో అని ఆశపడి చూస్తే, వాళ్ళది 88కి దిగింది. అంటే మన పని పది నిమిషాలు తగ్గేసరికి, వాళ్ళూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. సమానత్వమంటే ఇదే కాబోలు!

ఇక చదువు. "ఈ కాలం ఆడవాళ్ళు పుస్తకం ముట్టుకోవడం లేదు, ఎంతసేపూ ఫోనే" అని ఒక కేక ఎక్కడ చూసినా వినిపిస్తోంది. నేను నవలలు రాసేదాన్ని, అందుచేత ఈ మాటలో నాకు కాస్త స్వార్థం కూడా వుంది. అయినా అడుగుతాను. ఆడవాళ్ళు చదివిన రోజుల్లో మీరేమన్నారు?

మా హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904లో వెలసింది. నిజాం రాజ్యంలో, రాజభాష ఉర్దూగా వున్న రోజుల్లో, తెలుగు పుస్తకం కోసం పెద్దలు గ్రంథాలయాలు పెట్టారు. ఆ తరానికి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ సాయంత్రంపూట పంచె సవరించుకుని వెళ్ళి పత్రికలు చదువుకుని రావడానికి ఇల్లు వదలగలవాళ్ళెవరు? సాయంత్రం దీపాలు పెట్టే వేళ, పొయ్యి రాజేసే వేళ. గ్రంథాలయం గడప చాలామంది ఆడవాళ్ళకు దూరమే. వాళ్ళ దగ్గరికి నడిచి వచ్చింది వారపత్రిక. ఆ తర్వాత అద్దెకిచ్చే నవలల షాపు. మా అమ్మల తరం పోపుల డబ్బా పక్కన సీరియల్ పెట్టుకుని చదివింది. కొంగుచాటున నవల తెచ్చుకుంది. పొద్దున్నే తిరిగిచ్చెయ్యకపోతే ఇంకో రోజు అద్దె పడుతుందని, రాత్రికి రాత్రే పూర్తి చేసింది.

అలా చదివినందుకు ఆ తరానికి దొరికిన బిరుదు 'కాలక్షేపం'. నాలుగు పేపర్లు ముందేసుకుని హోటల్లో రెండు గంటలు రాజకీయాలు మాట్లాడితే లోకజ్ఞానం. అంట్లు తోముకుని అరగంట నవల చదివితే కాలక్షేపం!

ఆ కాలక్షేపమే కదండీ సినిమా పరిశ్రమకు కథలిచ్చింది! కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆమెదే 'ప్రేమ్ నగర్' 1971లో సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి 'జీవన తరంగాలు' 1973లో వచ్చింది. అదే ఏడు ఆమె 'మీనా'ను విజయనిర్మల డైరెక్టు చేసింది. 'సెక్రటరీ' 1976లో వచ్చింది. వంటింట్లో ఆడవాళ్ళు చదివి, పక్కింటావిడకు కథ చెప్పి, పేరు తెచ్చిపెట్టిన నవలలివి. పుస్తకంగా వున్నప్పుడు కాలక్షేపం. అదే తెరమీద కొస్తే కుటుంబ సమేతంగా చూడదగిన చిత్రం. ఇదేం న్యాయమో నాకిప్పటికీ బోధపడదు.

సినిమా మాట వచ్చింది గనక ఇదీ వినండి. థియేటర్‌కి వెళ్ళి సినిమా చూడడంలో ఒక గొప్ప సుఖం వుంది. అది హీరో వల్ల వచ్చేది కాదు. మూడు గంటలపాటు మనల్ని మంచినీళ్ళు తెమ్మని ఎవరూ అడగరు. పైపెచ్చు ఇంటర్వెల్లో మనకే తెచ్చిపెడతారు. ఇప్పుడు సినిమా ఇంట్లోకే వచ్చేసింది, ఆడవాళ్ళకు ఎంత సౌకర్యమో అంటున్నారు. సౌకర్యం సరే! ఆయనకు ఫోనొస్తే సినిమా ఆపుతారు. అబ్బాయి బాత్రూముకెళితే ఆపుతారు. మనం కుక్కరు దించడానికి లేస్తే మాత్రం "నువ్వెళ్ళు, కథ చెప్తాంలే" అంటారు. మా వీధిలో ఒకావిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "సినిమా మొత్తం చూసిన అక్కా, కథ మాత్రం తెల్వదు." సినిమాలు చూసి ఆడవాళ్ళు చెడిపోతున్నారనేవాళ్ళు ముందు మమ్మల్ని ఒక్క సినిమా పూర్తిగా చూడనివ్వండి. చెడిపోవడం సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం.

ఇక ఈ-రీడరు. పలకలాంటి ఆ యంత్రాన్ని చూడగానే కొందరు పెద్దలకు వైరాగ్యం వచ్చేస్తుంది. "పుస్తకం వాసన ఏదీ? పేజీ తిప్పే చప్పుడేదీ?" అని వాపోతారు. వాసన చూసే తీరిక వున్నవాళ్ళకు వాసన కావాలి, నిజమే. నా చేతికి ఎప్పుడూ ఇంగువ వాసనే. ఏ పుస్తకం పట్టుకున్నా అదే కొడుతుంది! నలభై దాటి చత్వారం వచ్చినదాన్ని. అక్షరం పెద్దది చేసుకునే వీలున్న పుస్తకం నాకు వరమే. బరువు రెండువందల గ్రాములకు అటూ ఇటూ. ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో పట్టుకోవచ్చు. ఇంకు తెర గనక ఫోనులాగా కళ్ళల్లో వెలుగు కొట్టదు. ఏం చదువుతున్నామో అట్ట చూసి వెక్కిరించే వీలు కూడా ఎవరికీ వుండదు. కొంగుచాటు అవసరమే లేదు!

ఇంత మంచి వస్తువులోనూ మనకొచ్చింది ఆఖరి బంతే. 2016 డిసెంబరులో అమెజాన్‌వాళ్ళు కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు ఎనిమిది కోట్ల పదకొండు లక్షలు, దేశంలో నాలుగో స్థానం. ఐదున్నర కోట్ల గుజరాతీకి, మూడున్నర కోట్ల మలయాళానికి విస్తరి పడింది, మనకు పడలేదు. తర్వాత తెలుగు ఈ-పుస్తకాలు వేరే దారుల్లో, వేరే ఆప్‌లలో కొన్ని వచ్చాయనుకోండి. కానీ మన పాత నవలలు చాలామటుకు పేజీకి పేజీ ఫోటో తీసిన బొమ్మలుగానే తిరుగుతున్నాయి. ఆ బొమ్మను పెద్దది చెయ్యబోతే సగం వాక్యం తెర బయటికి పోతుంది. చత్వారంవాళ్ళకు అదెందుకు పనికొస్తుంది? తెలుగు చదివేవాళ్ళు లేరని ప్రచురణకర్తలు విచారపడుతున్నారు. వడ్డించకుండానే ఆకలి లేదనుకోవడమంటే ఇదే.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "అందరికీ వుండేది ఇరవైనాలుగు గంటలే. మిక్సీలు వచ్చాయి, వాషింగ్ మిషన్లు వచ్చాయి. గంటలకొద్దీ ఫోన్ చూడ్డానికి తీరిక వుంటుంది గాని పుస్తకానికి వుండదా?" అంటారు.

వుండదు. ఎందుకంటే మన తీరిక ఒక్క ముక్కగా దొరకదు. పాలు పొంగేలోపు రెండు నిమిషాలు, కుక్కరు మూడో కూతకు ముందు నాలుగు నిమిషాలు, పిల్లల బస్సు కోసం గేటు దగ్గర ఐదు నిమిషాలు. అన్నీ కూడితే గంటే కావచ్చు. కానీ ముక్కలైన గంటలో ముక్కలే చదవగలం, ఫోన్లో దొరికేవి ముక్కలే. నవలకు కావలసింది తెగని అరగంట. మధ్యలో "ఏమేవ్, నా కళ్ళజోడెక్కడ?" అని వినబడని అరగంట. దాన్ని ఏ కంపెనీ తయారుచెయ్యదు. ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి.

కాబట్టి సలహాలు చాలు, పనులు కానివ్వండి. రాత్రి భోజనానికి అందరూ ఒకే బంతిలో కూచోండి. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోండి. కొర్రలు ఎవరి షుగరుకో వాళ్ళే నానబెట్టుకోండి, గిన్నెడు నీళ్ళు పొయ్యడానికి డిగ్రీ అక్కర్లేదు. ప్రచురణకర్తలారా, మీ దగ్గరున్న తెలుగు నవలలను బొమ్మలుగా కాకుండా అక్షరాలుగా ఇవ్వండి, కొని చదువుతాం. ఇక మనవాళ్ళకు ఒక మాట. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయం కోసం కడుతున్నాం. అంటే అక్కడి కుర్చీల్లో మనదీ ఒకటుంది. వారానికి ఒక్క సాయంత్రం వెళ్ళి అందులో కూచోండి. తెలిసినవాళ్ళెవరైనా కనిపించి "ఇక్కడున్నారేం?" అంటే, మా కుర్చీ ఖాళీగా వుందని వచ్చామని చెప్పండి.

ఈసారి ఎవరన్నా "రోజుకు ఇరవై పేజీలైనా చదవాలమ్మా, మెదడుకు మంచిది" అన్నారనుకోండి, వాదన పెట్టుకోకండి. "అలాగే అన్నయ్యగారూ, ఆ ఇరవై పేజీల సేపూ పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారో కూడా చెప్పండి" అని మర్యాదగా అడగండి. జవాబు వచ్చేదాకా పుస్తకం మూయకండి.