ట్రైనింగు కుక్కకా, మనిషికా?

అమెరికాలో షాపుల్లో, ఎయిర్‌పోర్టుల్లో చిన్న జాకెట్టు తొడుక్కుని మనిషి పక్కనే బుద్ధిగా నడిచే కుక్కల్ని మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. "అబ్బ, ఎంత బాగా ట్రైన్ చేశారో!" అనుకుంటాం. ఆ మెచ్చుకోలులో సగం పక్కన నడిచే మనిషికి దక్కాలని నా వాదన.

మా టీములో ఒకావిడకి కీళ్ళ జబ్బు. కింద పడ్డ వస్తువుని వంగి తీసుకోలేరు. తన లాబ్రడార్‌కి ఆవిడే స్వయంగా శిక్షణ ఇచ్చుకుంటున్నారు. ఇక్కడి వికలాంగుల హక్కుల చట్టం, అదే ఏడీఏ, దీన్ని ఒప్పుకుంటుంది. ఫలానా స్కూల్లోనే నేర్పించాలనీ, సర్టిఫికెట్టు ఉండాలనీ అడగదు. కూర్చో, ఆగు, తీసుకురా లాంటి మొదటి పాఠాలు ఇంట్లోనే అయిపోయాయి. అసలు కష్టమంతా ఆ తర్వాతే.

ఇంట్లో పదిసార్లు చెప్తే పదిసార్లూ కూర్చున్న కుక్క, షాపు గుమ్మం దగ్గర ఆ మాట ఎన్నడూ విననట్టు చూస్తుంది. అది పొగరు కాదండీ. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడటం కుక్కలకి అంత తేలిక కాదు. వంటింట్లో "కూర్చో" వేరు, షాపింగ్ కార్టులు గడగడలాడే చోట "కూర్చో" వేరు. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టులన్నీ పాసై ఇంటిగ్రేషన్‌లో ఢామ్మనడం అన్నమాట.

ఈ మధ్య దశకి ఒక పద్ధతుంది. దూరం, సమయం, ధ్యాస మళ్ళించే గోల, ఈ మూడింట్లో ఒకసారికి ఒక్కటే పెంచాలి. మూడూ ఒకేసారి మార్చేసి బగ్ ఎక్కడుందో వెతుక్కునే బాధ మనకి తెలియనిదా!

ఇంకో చిక్కు ఏమిటంటే, ఏడీఏ ఇచ్చే ప్రవేశహక్కు శిక్షణ పూర్తయిన కుక్కకే. ఇంకా నేర్చుకుంటున్న కుక్క సంగతి ఆయా రాష్ట్రాల చట్టాలు చూసుకోవాలి. అందుకే ఆవిడ పెంపుడు జంతువుల్ని రానిచ్చే షాపుల్లోనే ప్రాక్టీసు చేయిస్తారు.

ఇక మనిషి నేర్చుకోవాల్సినవి. ఒకే మాట నాలుగుసార్లు చెప్పకూడదు. నాలుగోసారికి వింటే చాలని కుక్క నేర్చేసుకుంటుంది. ఊరికే ఆవలించడం, మూతి నాక్కోవడం, మొహం తిప్పుకోవడం ఒత్తిడికి గుర్తులు కావచ్చు. అవి కనబడగానే "ఇంకొక్కసారి" అనకుండా ఇంటికి తిరిగొచ్చెయ్యాలి. డెడ్‌లైన్లకి అలవాటు పడ్డ మనలాంటివాళ్ళకి ఇది ఎంత కష్టమో ఆలోచించండి.

చూపు లేనివారికి దారి చూపే కుక్కల దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1929లో మొదలైన 'ది సీయింగ్ ఐ' లాంటి సంస్థల్లో కుక్క చదువు పూర్తయ్యాక కూడా, దాన్ని తీసుకెళ్ళే మనిషి వచ్చి కొన్ని వారాలు దానితో కలిసి నేర్చుకోవాలి. ఎదురుగా కారొస్తుంటే "ముందుకు పద" అన్నా ఆ కుక్క కదలదు. మాట వినకూడని వేళ వినకపోవడం దానికి నేర్పిస్తారు. ఆ నిరాకరణని నమ్మి ఆగిపోవడం మనిషి నేర్చుకోవాలి. "ఇవాళ రిలీజ్ వద్దు" అన్న టెస్టర్ మాట వినే మేనేజర్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

ఇంత శ్రమ ఉన్నచోట, ఆన్‌లైన్‌లో జాకెట్టు కొని పెంపుడు కుక్కకి తొడిగి "సర్వీస్ డాగ్" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మానసిక ఊరట కోసం పెంచుకునే జంతువుల్ని సర్వీస్ జంతువులుగా చూడాల్సిన పని విమాన సంస్థలకి 2021 జనవరి నుంచి లేదు. దాన్ని తప్పించుకోవడానికి జాకెట్టు ఒక దారని కొందరనుకుంటారు. షాపువాళ్ళు అడగగలిగేవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పని నేర్చుకుంది? ఆ నమ్మకాన్ని వాడుకుని అబద్ధం చెప్పడం చాలా రాష్ట్రాల్లో నేరం కూడా. చట్టం సంగతి అటుంచండి. శిక్షణ లేని కుక్క ఒక్కసారి మీదపడితే నెలల తరబడి కూడగట్టిన ధైర్యం పోయి, అసలైన కుక్క పనికే దూరం కావచ్చు. అప్పుడు ఆవిడకి పోయేది పెంపుడు జంతువు కాదు, ఒక చెయ్యి.

మనం చెయ్యగలిగింది చాలా చిన్నది. పనిలో ఉన్న కుక్కని పిలవొద్దు, ఈల వెయ్యొద్దు, తినడానికేమీ పెట్టొద్దు. మాట్లాడాలనిపిస్తే మనిషితో మాట్లాడండి. పిల్లలకీ ఇదే చెప్పండి. వాళ్ళు మనకంటే త్వరగా నేర్చుకుంటారు.