మూలపడిన స్పెక్ట్రోమీటరు మనది కూడా

విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖలో పాతబడిన స్పెక్ట్రోమీటరుతో రైల్వే, తపాలా ఉద్యోగులకేమి పని అని కొందరు మిత్రులు అడుగవచ్చు. డీజిల్ షెడ్డులో పనిచేసినవారు అడుగరు. ఇంజను నూనె నమూనాను షెడ్డు లేబొరేటరీలో స్పెక్ట్రోమీటరుపై పరీక్షించి, ఇనుము, రాగి, సీసం, క్రోమియం పదిలక్షలకు ఎన్ని పాళ్లున్నవో చూచి, లోపల ఏ భాగం అరుగుతున్నదో ఇంజను విప్పకుండానే చెబుతారు. రాగి, సీసం పెరిగితే బేరింగుపై అనుమానం. సోడియం కనిపిస్తే చల్లబరచు నీరు నూనెలోకి కారుతున్నదని అనుమానం. ఆ నివేదికపై సంతకం చేసే కెమికల్ అండ్ మెటలర్జికల్ అసిస్టెంటు ఈ విద్య నేర్చుకోవలసినది విశ్వవిద్యాలయంలోనే. అక్కడ పనిచేయని యంత్రాన్ని దూరంనుండి చూపించి, పుస్తకంలోని బొమ్మతో పాఠం ముగిస్తే, మిగిలిన విద్య మన ఇంజన్లమీదనే నేర్చుకోవాలి!

కొత్త పరికరం అడిగిన ప్రతిసారీ పాలకులు సర్ సి.వి. రామన్‌ను స్మరిస్తారు. రెండువందల రూపాయల పరికరాలతో ఆయన నోబెల్ బహుమతి తేలేదా అంటారు. 1928లో కలకత్తాలో ఆయన చేతిలో ఉన్న పాదరస దీపమూ, హిల్గర్ క్వార్ట్జ్ స్పెక్ట్రోగ్రాఫూ ఆనాటికి కాలం చెల్లినవి కావు. మహనీయుని నిరాడంబరతను బడ్జెటు కోతకు సాకుగా వాడుకొనుట ఆయనకు చేసే అవమానం.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనా సంస్థలు కొనే శాస్త్ర పరికరాలపై జి.ఎస్.టి.ని 2017 నవంబరులో 5 శాతానికి తగ్గించారు. 2022 జూలై 18 నుండి ఆ రాయితీని తొలగించారు. స్పెక్ట్రోమీటరు వంటి పరికరంపై పన్ను 18 శాతానికి పోయింది. కోటి రూపాయల యంత్రానికి అదనంగా 13 లక్షలు! గ్రాంటుగా ఇచ్చినది పన్నుగా తిరిగి లాక్కొనుటను విద్యాభివృద్ధి అంటారా? 2017లో ఏర్పడిన ఉన్నత విద్యా ఫైనాన్సింగ్ ఏజెన్సీ గ్రాంటుకు బదులు రుణం చూపింది. వడ్డీ ప్రభుత్వమే భరిస్తుందనీ, కొన్ని సంస్థలకు అసలులో అధికభాగం కూడా భరిస్తుందనీ సమర్థకులు వాదిస్తారు. మిగిలిన వాటా "అంతర్గత వనరుల" నుండి రావాలి. ఆ వనరులలో ముఖ్యమైనది విద్యార్థి ఫీజు. అందులో మన పిల్లల ఫీజు కూడా ఉన్నది.

యంత్రం వచ్చినంత మాత్రాన కథ ముగియదు. ఎన్.ఎం.ఆర్. స్పెక్ట్రోమీటరులోని అతివాహక అయస్కాంతం సున్నాకు దిగువన 269 డిగ్రీల చలిలో, ద్రవ హీలియంలో మునిగి ఉండవలెను. హీలియం దిగుమతి సరుకు. దాని చుట్టూ ఉండే ద్రవ నైట్రోజనును సాధారణంగా వారంవారం నింపవలెను. హీలియం మట్టం పడిపోతే అతివాహకత నశిస్తుంది, ఉన్న హీలియం ఆవిరైపోతుంది, లక్షల రూపాయలు గాలిలో కలుస్తాయి. సెలవు దినాన కూడా వచ్చి ఆ మట్టం చూచేవాడు టెక్నీషియను. అతడు రిటైరైతే పోస్టు ఖాళీ, ఆపైన రద్దు. "సరెండరు" అనే మాట మన రైల్వే సోదరులకు వివరించనక్కరలేదు. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించే మంత్రులు దొరుకుతారు గాని, వార్షిక మరమ్మతు ఒప్పందంపై సంతకం దొరకదు.

ఫలితమేమి? పరిశోధక విద్యార్థి చిటికెడు పొడిని సీసాలో పెట్టి, స్పీడ్ పోస్టులో మరొక సంస్థకు పంపి, నమూనాకింతని రుసుము చెల్లించి, ఫలితం కోసం ఎదురుచూస్తాడు. తపాలాకు ఆ ఆదాయం మాకక్కరలేదు! పరికరమివ్వక, మనిషినివ్వక, పని జరుగలేదని నిందించి, ఆ పనిని బయటివారికి అప్పగించే ఎత్తుగడ మన శాఖలలో చూడనిది కాదు.

పరికరాలకు రుణం కాదు, గ్రాంటు కావాలి. 2022లో తీసివేసిన పన్ను రాయితీని పునరుద్ధరించాలి. మంజూరుచేసే ప్రతి పెద్ద యంత్రంతోపాటు శాశ్వత టెక్నీషియను పోస్టు, మరమ్మతు నిధి అదే ఉత్తర్వులో మంజూరు కావాలి. మన బ్రాంచీలు తమ మహాసభల తీర్మానాలలో ఈ డిమాండ్లను చేర్చి, స్థానిక విశ్వవిద్యాలయాల బోధనేతర సిబ్బంది సంఘాలతో ఉమ్మడిగా కేంద్ర ఆర్థిక, విద్యా మంత్రులకు పంపవలెను.